డిస్కులో మూలకణాలు: కొనుక్కోవాలా, ఆగాలా?

శ్రీశైలం ఆనకట్టకు 1963లో పునాదిరాయి పడ్డాక ఉద్యోగుల కోసం, పనివాళ్ల కోసం పెరిగిన ప్రాజెక్టు కాలనీ సున్నిపెంట. ఊరు నంద్యాల జిల్లాలోదే. కానీ నంద్యాల చేరాలంటే నల్లమల ఘాటు దిగి, దోర్నాల, ఆత్మకూరు మీదుగా గంటల తరబడి బస్సులో కూర్చోవాలి. ఆ మలుపుల మీదే బస్సు నడిపి నడుము చెడగొట్టుకున్న ఒక డ్రైవరు కోసం అతని తమ్ముడూ మేనమామా వాదించుకుంటున్నారు. తమ్ముడు హైదరాబాదు దగ్గరి జీనోమ్ వ్యాలీలో హైడ్రోజెల్లుల మీద పనిచేసే పరిశోధకుడు. మేనమామ ప్రాజెక్టు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరైనవాడు. మనుషులు కల్పితం. వాళ్లు చెప్పుకునే వైద్యం, చట్టం, పరీక్షల వివరాలు నిజం.

అల్లుడు: మామా, అన్న ఎం.ఆర్.ఐ. రిపోర్టు చూసినావు గదా. ఎల్4, ఎల్5 ఎముకల నడుమ డిస్కు నల్లబడింది, ఎత్తు తగ్గింది. మాత్రలు అయినాయి, బెల్టు అయింది, ట్రాక్షన్ అయింది. నగరంలో ఒక క్లినిక్కువాళ్లు హైడ్రోజెల్‌లో మూలకణాలు కలిపి సూదితో డిస్కులోకి ఎక్కిస్తామంటున్నారు. ఎక్కించుకోమందామని నా ఆలోచన.

మామ: ఎంత అడిగినారు?

అల్లుడు: లక్షల్లోనే. ఆళ్లగడ్డ కాడి రెండెకరాలు కుదువ పెడతానని అమ్మ అంటాంది.

మామ: అయితే మా అక్క పట్టాదారు పుస్తకం బయటికి తీయకముందే ఈ సంగతి తేలాల. నువ్వు చదువుకున్నోడివి, నీ పక్షం నువ్వు చెప్పు. నా అనుమానాలు నేను అడుగుతా. ముందు ఆ రిపోర్టు గురించే అడుగుతా. డిస్కు నల్లబడిందని రాసినారు సరే, నొప్పి దాన్నుంచే వస్తాందని ఎవరు రాసినారు?

అల్లుడు: నల్లబడిన డిస్కు ఉంది, నొప్పి ఉంది. ఇంకేం కావాల?

మామ: నడుము నొప్పి అసలు లేనోళ్లకు స్కాన్ తీస్తే ఏం కనపడుతుందో లెక్కకట్టినారు. 3,110 మంది వివరాలను ఒకచోట చేర్చి 2015లో అచ్చువేసినారు. నొప్పి లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి ఉంది. తల నెరిసినట్టే డిస్కూ ఎండుతుంది. నొప్పి కండరం నుంచి రావచ్చు, వెనక కీళ్ల నుంచి రావచ్చు, ఎముక అంచు నుంచి రావచ్చు. ఏది నొప్పి పెడుతోందో తేలకుండా డిస్కులో మందు పోస్తే ఎట్ల?

అల్లుడు: ఆ లెక్క నాకూ తెలుసు. కానీ అరిగిన డిస్కుల్లో కొన్ని నొప్పి పెడతాయన్నదీ నిజమే. ఆ డిస్కు లోపల ఏం జరుగుతుందో చెప్తా విను. డిస్కు బయట గట్టి పీచు వలయం, లోపల గుజ్జు. ఆ గుజ్జులో అగ్రికాన్ అనే పెద్ద అణువు నీళ్లను పట్టి ఉంచుతుంది. కుర్రతనంలో గుజ్జులో నూటికి ఎనభై పాళ్లు నీళ్లే. ఆ నీటి ఒత్తిడే మన బరువును మోస్తుంది. వయసు మీదపడి, బరువు పడి, పుట్టుకతో వచ్చిన తీరూ తోడై, గుజ్జులోని కణాలు అగ్రికాన్ తయారుచేయడం తగ్గిస్తాయి. నీళ్లు పోతాయి. డిస్కు కుంగుతుంది. బరువంతా పీచు వలయం మీద పడి అది చీలుతుంది. ఇప్పుడున్న మాత్రలేవీ ఈ వరసను ఆపవు, నొప్పిని కప్పుతాయంతే. ఆపరేషన్ అయితే జారిన ముక్కను తీసేస్తుంది, లేకుంటే రెండు ఎముకలను కలిపి బిగిస్తుంది. గుజ్జును తిరిగి గుజ్జు చేసేది ఒక్కటీ లేదు. మా హైడ్రోజెల్ ఆశ అక్కడే ఉంది.

మామ: ఆ జెల్లు ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు.

అల్లుడు: హైలురానిక్ ఆమ్లం, జెలటిన్, కైటోసాన్ లాంటివాటితో చేసే పదార్థం. దాని బరువులో ఎక్కువ భాగం నీళ్లే. కొన్ని రకాలు సిరంజిలో పలచగా ఉండి, ఒంటి వేడి తగలగానే గట్టిపడతాయి. సన్న సూదితో పోతాయి గనుక కోత అక్కర్లేదు. దానికి రెండు పనులు. పోయిన ఎత్తునూ ఒత్తిడినీ కొంత తిరిగి ఇవ్వడం ఒకటి. కణాలను ఉన్నచోటే పట్టి ఉంచడం రెండోది. జెల్లు లేకుండా ఉత్త నీళ్లలో కలిపి వేస్తే కణాలు సూది రంధ్రం వెంట బయటికి కారతాయి. కుందేళ్లలో అట్ల కారిన మూలకణాలు డిస్కు పక్కన ఎముక ముళ్లుగా పెరిగినట్టు పరిశోధకులు 2012లో చూపించినారు. ఆ తప్పును సరిదిద్దడానికే జెల్లు.

మామ: కణం నిలిచింది సరే, అది తినేదేంది? డిస్కులో రక్తనాళాలే లేవు గదా. కోయంబత్తూరు గంగా ఆసుపత్రి డాక్టరు ఎస్. రాజశేఖరన్ బృందం చేసిన పని చదివినావా? నరంలోకి రంగుమందు ఎక్కించి, గంటల తరబడి మళ్లీ మళ్లీ ఎం.ఆర్.ఐ. తీస్తూ పోయినారు. ఆరోగ్యంగా ఉన్న డిస్కులో కూడా ఆ మందు నడిమధ్యన నిండేసరికి దాదాపు 6 గంటలు పట్టింది. 2004లో వెన్నెముక పరిశోధకుల అంతర్జాతీయ సంఘం దానికి బహుమతి ఇచ్చింది. డిస్కుకు తిండి వచ్చేది పైనా కిందా ఉన్న ఎముక పలకల గుండా, ఊరుతూ ఊరుతూ. ఆ పలక దెబ్బతింటే దారి చెడుతుంది. అరిగిన డిస్కులో చక్కెర తక్కువ, ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ. ఉన్న కణాలే బతకలేక చచ్చిన చోట కొత్త కణాలు పోస్తామంటున్నారు. కె.సి. కాలువ చివరి ఆయకట్టులో, నీళ్లు రాని మడిలో నారు నాటినట్టుంది నాకు. నారు ఎంత మంచిదైతే ఏం?

అల్లుడు: సరైన చోటే పట్టుకున్నావు మామా. మా ల్యాబుల్లో అందరినీ వేధించే ప్రశ్న అదే. కానీ నారులోనూ రకాలున్నాయి. తక్కువ ఆక్సిజన్‌కు ముందే అలవాటు చేసిన కణాలు, గుజ్జు నుంచే తీసి పెంచిన కణాలు పరీక్షల్లో ఉన్నాయి. పైగా కణం అక్కడ కాపురం పెట్టి గుజ్జు చేయాల్సిన పని లేదని కొందరి వాదన. అది బతికిన కొన్నాళ్లు విడిచే రసాయనాలు వాపును తగ్గించినా నొప్పి తగ్గుతుంది గదా. ఇంకోటి చెప్తా. రక్తనాళాలు లేనిది డిస్కు ఒక్కటే కాదు, కంటి నల్లగుడ్డు మీది కార్నియా కూడా అంతే. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా కార్నియా మూలకణాలతో చూపు తెప్పిస్తున్నారు. రసాయనాలు పడి కాలిన కళ్లకు, మంచి కంటి అంచు నుంచి గోరంత తీసి నాటే పద్ధతిని అక్కడి డాక్టర్లే 2012లో ప్రపంచానికి చూపించినారు. అదే ఆసుపత్రి, ఐఐటీ హైదరాబాదు, సీసీఎంబీ పరిశోధన సంస్థ కలిసి, దానమిచ్చిన మనిషి కార్నియాల నుంచే జెల్లు చేసి, త్రీడీ ప్రింటరుతో కార్నియాను ముద్రించి కుందేలు కంటికి పెట్టినారు. 2022 నాటి మాట అది. మన గడ్డ మీదే అయిన పనిని ఎట్ల కాదంటావు?

మామ: కాదనను. అది మనవాళ్లు చేసిన గొప్ప పని. కానీ కంటికీ నడుముకూ తేడా చూడు. కార్నియా గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. ముందు కన్నీళ్లు తడుపుతాయి, వెనక కంటిలోని ద్రవం పోషిస్తుంది. డిస్కు రెండు ఎముకల నడుమ మూసిన గది. కంటికి నాటిన కణం కంటి అంచులోదే, తన ఇంట్లోనే తను ఉంటుంది. ఎముక మజ్జ కణాన్ని డిస్కులో వేస్తే అది పరాయి ఊరికి పోయినట్టే. మూడోది అన్నిటికంటే పెద్ద తేడా. కన్ను తేటపడిందా లేదా అన్నది డాక్టరు దీపం వేసి చూస్తాడు, రోగి గోడ మీది అక్షరాలు చదివి చెప్తాడు. నడుము నొప్పి తగ్గిందా లేదా అన్నది మనిషి మాట మీదే ఆధారం. సూది పొడిచినారన్న నమ్మకంతోనే కొన్నాళ్లు నొప్పి తగ్గుతుంది. ఏ మందూ వేయకున్నా కొందరికి తగ్గుతుంది. అందుకే సరిపోల్చి చూడకుండా నడుము మందును నమ్మడానికి లేదు.

అల్లుడు: సరిపోల్చి చూసినవీ ఉన్నాయి. మెసోబ్లాస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 404 మంది మీద పెద్ద పరీక్ష చేసింది. కణాలను హైలురానిక్ ఆమ్లంతో కలిపి వేసినవాళ్లలో ఏడాది నాటికి నొప్పి బాగా తగ్గిందని చెప్పింది.

మామ: అదే పరీక్షలో ముందుగా పెట్టుకున్న లక్ష్యం అందిందా?

అల్లుడు: లేదు. 2021లో ఫలితం బయటపడింది. నొప్పి, కదలిక, మళ్లీ చికిత్స అవసరం పడకపోవడం అన్నీ కలిపి పెట్టుకున్న లక్ష్యం అందలేదు. అందుకే అమెరికాలో ఇంకో పెద్ద పరీక్ష మళ్లీ మొదలుపెట్టినారు.

మామ: యూరప్‌లో చేసిన పరీక్ష ఏమైంది?

అల్లుడు: రెస్పైన్ పరీక్ష. 114 మంది. దాతల ఎముక మజ్జ కణాలు కొందరికి, ఉత్తుత్తి సూది కొందరికి. 2024లో అచ్చయింది. రెండు గుంపుల్లోనూ ఎక్కువమందికి నొప్పి తగ్గింది. కణాలు వేసినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ప్రమాదం కూడా జరగలేదు.

మామ: చూడు, ఉత్తుత్తి సూది వేసినా ఎక్కువమందికి తగ్గింది. ఆ క్లినిక్కువాళ్లు “మా దగ్గర పదిమందిలో ఏడుగురికి తగ్గింది” అని చెప్తే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ తగ్గించింది వాళ్లు పోసిన కణమేనా అంటే, ఆ మాట వాళ్ల నోట రాదు.

అల్లుడు: ప్రమాదం లేదన్నదీ నిజమే గదా మామా! పనిచేయకపోతే డబ్బు పోతుంది, అంతేగా?

మామ: మా అక్క పొలం పోవడం నీకు అంతేనా అబ్బీ? పోనీ, డబ్బు మాట పక్కన పెడదాం. డిస్కులో సూది దింపడమే చిన్న పని కాదు. నొప్పి పెట్టే డిస్కు ఏదో తెలుసుకోడానికి సూదితో రంగుమందు ఎక్కించి చూసే పరీక్ష ఉంది. అట్ల పొడిచిన డిస్కులు పొడవని డిస్కుల కంటే పదేళ్లలో ఎక్కువగా అరిగినాయని అమెరికాలో 2009లో తేలింది. రక్తం పారని చోట క్రిములు చేరి చీము పడితే మందు అందడం కష్టం. పాత చరిత్రా చూడు. బొప్పాయి పాల నుంచి తీసిన కైమోపాపైన్‌ను జారిన డిస్కులోకి ఎక్కించే చికిత్సకు అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. అప్పుడూ “కోత లేదు, సూదే” అన్నదే ఆకర్షణ. కొందరికి ఒళ్లంతా పొంగి ప్రాణం మీదికి వచ్చింది. అరుదుగానైనా కొందరికి కాళ్లు పడిపోయినాయి. 2003లో అమ్మకం ఆగిపోయింది.

అల్లుడు: అది పనిచేయక ఆగలేదు మామా. సరిపోల్చిన పరీక్షల్లో ఉత్తుత్తి సూది కంటే మేలని తేలింది. చాలామందికి ఆపరేషన్ తప్పింది కూడా. అనుమతి రాగానే అందరూ ఎగబడి వాడినారు, జాగ్రత్తలు తగ్గినాయి, పేరు చెడింది.

మామ: నేనూ అదే చెప్తాండా. పనికొచ్చే మందును కూడా తొందరపాటు చంపుతుంది. నీ జెల్లు మీద నీకు ప్రేమ ఉంటే, దాన్ని ఈ క్లినిక్కుల చేతిలో పడనియ్యకూడదు.

అల్లుడు: సరే, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంకో సంగతి. మన దేశంలోనే స్టెంప్యూటిక్స్ అనే బెంగళూరు కంపెనీ మూలకణాల మందుకు మోకాలి అరుగుదల కోసం 2022లో అనుమతి వచ్చింది. మోకాలికి అయినప్పుడు నడుముకు ఎందుకు కాకూడదు?

మామ: మోకాలికి పరీక్షలు చేసి, కాగితాలు పెట్టి, ఒక దశలో ఉన్న అరుగుదలకే అని గీత గీసి అనుమతి తీసుకున్నారు. నడుముకూ అట్లే తీసుకోమను. చట్టం తేటగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త రోగాలకు చేసే ఎముక మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణాల వాడకమంతా పరీక్షగానే జరగాల, చికిత్సగా అమ్మకూడదు. 2019 నాటి కొత్త మందుల నియమాల్లో మూలకణాల నుంచి చేసిన మందు ఎప్పుడూ కొత్త మందు కిందే లెక్క. ఆ క్లినిక్కుకు డిస్కు కోసం అట్లాంటి అనుమతి ఉందేమో అడిగినావా?

అల్లుడు: అడిగినా. “మీ అన్న ఎముక మజ్జ నుంచే తీసి మీ అన్నకే వేస్తాం, అందుకని అనుమతి అక్కర్లేదు” అన్నారు.

మామ: మనిషిదే అయినా, బయటికి తీసి, పెంచి, జెల్లులో కలిపి, అది పుట్టని చోట వేస్తే మందే అవుతుంది. నీకు తెలియంది కాదు.

అల్లుడు: తెలుసు. తెలిసి కూడా ఎందుకు ఊగినానో చెప్తా మామా. నియమాలు మంచివే. కానీ రాత్రిపూట అన్న పక్క మీద తిరగలేక గోడ పట్టుకుని లేస్తాంటే, ఐసీఎంఆర్ మార్గదర్శకం చదివి వినిపించలేను. ఆగు అని చెప్పేవాళ్లు ఆగినన్నాళ్లు ఏం చేయాల్నో కూడా చెప్పాల. నువ్వేం ఇస్తావు ఆయనకు?

మామ: ఇది న్యాయమైన ప్రశ్న. నా దగ్గరున్నది మెరిసే మందు కాదు. వారాల తరబడి చేసే వ్యాయామం, నడక, పొట్ట, వీపు కండరాలకు బలం, పొగ మానడం, బరువు తగ్గడం. పడుకుని ఉండడం మందు కాదు, కదలడమే మందు. డిస్కు జారి కాలిలోకి లాగే నొప్పి చాలామందికి వారాల్లో, నెలల్లో తనంతట తగ్గుతుంది. జారిన ముక్కను ఒళ్లే కరిగించుకుంటుంది. బస్సు కుదుపు నడుముకు చెరుపు గనుక కొన్నాళ్లు ఘాటు డ్యూటీ మార్చమని డిపోలో అడగాల. పాదం ఈడ్చినా, కాలిలో బలం తగ్గుతూ పోయినా, ఆపరేషన్‌కు భయపడకూడదు. మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా ఆ పూటే కర్నూలు పెద్దాసుపత్రికి పోవాల, తెల్లవారనీయకూడదు.

అల్లుడు: వ్యాయామం నేర్పేవాళ్లు సున్నిపెంటలో ఎవరున్నారు? నంద్యాలకు పొమ్మంటావు. కూర్చుంటే నొప్పి అనేవాణ్ణి వారానికి రెండు మార్లు ఆ ఘాటులో కూర్చోబెడితే, ఫిజియోథెరపీతో వచ్చిన మేలు దారిలోనే పోతుంది. అందుకే జనం ఒక్క సూదితో తేలిపోతుందంటే పోతారు. ఆ క్లినిక్కుల వ్యాపారం మూలకణాల మీద నడవడం లేదు మామా, మన ఊళ్లో ఫిజియోథెరపిస్టు లేకపోవడం మీద నడుస్తాంది.

మామ: నువ్వు ఈరోజు చెప్పినవాటిలో ఇదే గట్టి మాట. దీనికి నేను అడ్డం చెప్పను. నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచినారు. అక్కడి నుంచి వారానికి ఒక్కరోజైనా ఫిజియోథెరపిస్టు ఘాటెక్కి ఇక్కడికి రావాల. డ్రైవర్లు, ప్రాజెక్టు కూలీలు, శ్రీశైలం యాత్రకు బరువులు మోసేవాళ్లు, ఇంతమంది నడుములు ఉన్న ఊరిది. జెల్లు వచ్చేదాకా ఆగమని చెప్పే ప్రభుత్వానికి ఆ మాత్రం బాధ్యత ఉంది. ఆ అర్జీ నేను రాస్తా, నువ్వు సంతకాలు పెట్టించు.

అల్లుడు: పెట్టిస్తా. కానీ జెల్లును వదిలేయమని మాత్రం అనొద్దు. అన్నలాంటివాళ్లు పరీక్షల్లో చేరకపోతే, మందు పనిచేస్తుందో లేదో ఎప్పటికీ తెలియదు.

మామ: చేరమనే చెప్తా. దేశంలో జరిగే ప్రతి మందు పరీక్షా సి.టి.ఆర్.ఐ. రిజిస్ట్రీలో నమోదు కావాలని 2009 నుంచి నియమం ఉంది. అట్ల నమోదైన పరీక్ష ఏదైనా మనవాడికి సరిపోతే, నేనే వెంటబెట్టుకుని పోతా. అక్కడ డబ్బు అడగరు. జరగరానిది జరిగితే వైద్యం వాళ్లే చేయించాల, పరిహారం ఇయ్యాల. కణం బదులు ఉత్తుత్తి సూది రావచ్చని ముందే చెప్తారు, ఇష్టమైతేనే సంతకం. పరీక్షలో చేరినవాడు పదిమందికి పనికొచ్చే పని చేస్తాడు. క్లినిక్కులో డబ్బు కట్టినవాడి నొప్పి తగ్గినా, పెరిగినా ఎవరి లెక్కలోకీ రాదు. ఆ సూది నుంచి సైన్సు నేర్చుకునేది ఏమీ ఉండదు.

అల్లుడు: అమ్మకు ఫోన్ చేసి, పొలం జోలికి పోవద్దని చెప్తా. అన్నకు మాత్రం జెల్లు రాదని చెప్పను, ఇంకా రాలేదని చెప్తా.

మామ: అట్లే చెప్పు. అది నిజం గనుక వాడు తట్టుకుంటాడు.

ఈ ఇద్దరిలో ఎవరిది గెలుపని తేల్చడం నా ఉద్దేశం కాదు. అల్లుడి ఆశకు ఆధారం ఉంది. జెల్లుల శాస్త్రం ముందుకు పోతోంది, మన హైదరాబాదు కార్నియా విషయంలో దారి చూపింది. మామ అనుమానానికీ ఆధారం ఉంది. ఆకలితో ఉన్న డిస్కులో కణం బతికి మేలు చేస్తుందని ఇంతవరకు ఏ పెద్ద పరీక్షా తిరుగులేకుండా చూపలేదు. ఈ రెండు నిజాలూ కలిపితే నాకు తేలింది ఒకటే: పరీక్షలో ఉన్న చికిత్సకు రోగి డబ్బు కట్టకూడదు.

మీ ఇంట్లో నడుము నొప్పితో బాధపడేవాళ్లకు ఎవరైనా డిస్కులో మూలకణాల సూది వేస్తామంటే, పరీక్ష రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు చెప్పకుండా ముందు డబ్బు గురించి మాట్లాడితే, అక్కడి నుంచి లేచి రండి. మీ మండల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉన్నారా అని కూడా కనుక్కోండి. లేకపోతే, ఆ పోస్టు కోసం గట్టిగా అడగండి.